పెనం గుసగుసలాడినప్పుడు

ఇనుప పెనం మీద చిలగడదుంప ముక్కలు పడ్డప్పుడు వచ్చే చప్పుడు ఎప్పుడైనా విన్నారా? వాసన సంగతి నేను అడగడం లేదు. వాసన అందరికీ తెలుస్తుంది, మా వీధి చివరి కుక్కకి నాకంటే ముందే తెలుస్తుంది. చప్పుడు విన్నారా అని అడుగుతున్నాను. ఈ ఆదివారం పొద్దున్న, సాసేజ్ ముక్కలు వేగి కొవ్వు వదిలిన పెనం మీదికి, తుండుగుడ్డ మీద ఆరబెట్టిన దుంపముక్కల్ని దోసిళ్ళతో జల్లాను. గజపతినగరం సంత అంతా ఒక్కసారి నా పొయ్యి మీదకి వచ్చినట్టు గోల! నా వెన్ను దానంతటదే నిటారుగా అయిపోయింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాను. నోరు మూసుకున్నాను. మా ఆయన గుమ్మంలోకొచ్చి, "ఏటే, ఒంట్లో బాగునేదేటి? పావుగంటయినాది నీ నోటంట మాటొచ్చి," అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన మాటకి నేను జవాబివ్వకుండా ఊరుకునేది పెనం మీద దుంప ఉన్నప్పుడు మాత్రమే. మిగతా వేళల్లో ఒకటికి మూడు చెప్తాను.

ఈ నోరు మూసుకునే విద్య నాకు నేర్పినవాడు ఎర్రయ్య మావ. మీరు ఆయన్ని చూడలేదు కాబట్టి చెబుతున్నాను. శ్రీకాకుళం జిల్లా సముద్రపు పల్లెలో పుట్టినవాడు. తాతముత్తాతలు తెప్పల మీద వేటకి వెళితే, ఈయన సరుకు ఓడల్లో వంటవాడిగా వెళ్ళాడు. ముప్ఫై ఏళ్ళు నీళ్ళ మీద వండి, భార్య పోయాక, కొత్తవలసలో మా పక్క వాటాలో అద్దెకి దిగాడు. సముద్రం ఒడ్డున సొంత ఇల్లుండగా ఈ పట్టాల పక్కన ఎందుకు మావా అంటే, "కిందన ఇంజను దడదడమనకపోతే నాకు నిద్దరట్టదే కోడలా. సముద్రానిది ఏటి సప్పుడు, జోలపాట! నానేటి పసిగుంటణ్ణా?" అనేవాడు. కిరండూల్ లైను మీద ఇనుపరాయి మోసుకొచ్చే గూడ్సు వెళ్ళేటప్పుడు మా ఇళ్ళ గోడలు కదులుతాయి. పటాల్లో దేవుళ్ళు కూడా ఒకరి భుజం ఒకరు పట్టుకుంటారు. మాకు బాధ, ఆయనకి ఉయ్యాల. ఆయన నాకు చుట్టం కాదు. మావైపు పక్కింటి పెద్దమనిషిని మావా అనడానికి చుట్టరికం అక్కర్లేదు, ఆయన నన్ను కోడలా అనడానికి నా అనుమతీ అక్కర్లేదు.

నా గురించి కూడా రెండు ముక్కలు. పేరు కొండమ్మ. చదువు ఏడో తరగతి వరకు. "నీ నోరు ఈ గదిలో ఉన్నంతసేపూ నా నోటికి పని లేదు," అని లెక్కల మాస్టారు అనేవారు. పాపం ఆయన ఉద్యోగం పోతుందేమోనని నేనే మానేశానని అందరికీ చెప్పుకుంటాను. అసలు సంగతి, మా అమ్మకి పొలంలో ఇంకో జత చేతులు కావలసివచ్చాయి. పెళ్ళయ్యాక స్టేషన్ రోడ్డులో టిఫిన్ బండి పెట్టాను. ఇడ్లీ, అట్టు, పూరీ, వాటన్నిటితోపాటు ఉచితంగా నా కబుర్లు. అట్టు మాడినా కబుర్లు బాగుంటాయని వచ్చేవాళ్ళుండేవారు. అట్టు మాడుతుందన్న సంగతి మొదట ఎర్రయ్య మావే చెప్పాడు. అదీ నాకు వీపు పెట్టి కూచుని.

వాటాలోకి దిగిన మూడోరోజు బండి దగ్గరకొచ్చి, బల్ల మీద రోడ్డువైపు తిరిగి కూచున్నాడు. నేను పెనం మీద అట్టు పోసి, లైన్‌మేన్‌తో ఏదో పరాచికం ఆడుతున్నాను. వెనక్కి తిరక్కుండానే, "ఇప్పుడు తియ్యి," అన్నాడు. తీశాను. బంగారంలా ఉంది. రెండో అట్టుకీ అంతే, "ఇప్పుడు." మూడోదానికి నాకు పంతం వచ్చి కావాలని ఆగాను. మాడింది.

"మావా, నీకు వీపునేటి కళ్ళున్నాయా?" అన్నాను.

"వీపుకేటి ఉంటాయే, వీపుకి దురదుంటాది. సెవులున్నాయి. నీకూ ఉన్నాయి గాని, నీ నోరు ఆటికి పని సెప్పనివ్వదు."

లైన్‌మేన్ పగలబడి నవ్వాడు. నా బండి దగ్గర నా మీద నవ్వించినవాడు అప్పటిదాకా పుట్టలేదు. ఆ క్షణం నుంచి ఆయనంటే నాకు గౌరవమూ, కసీ సమానంగా పట్టుకున్నాయి. ఆయన చెవులతోనే ఎందుకు వండుతాడో మాత్రం తట్టలేదు. ఓడలో అలా నేర్పుతారు కాబోలు అనుకున్నాను.

తెలిసిన రోజు చెప్తాను. తెల్లవారాక బండికి ఇడ్లీపిండి గిన్నె మోసుకుని మావ గుమ్మం ముందు నుంచి వెళ్తున్నాను. గుప్పున గ్యాస్ వాసన! గిన్నె అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తాను. స్టవ్ మీద టీ గిన్నె, పక్కన మావ, చేతిలో అగ్గిపెట్టె. వెళ్తున్న గూడ్సు మోతలో, తిప్పి మరిచిన నాబ్ బుస ఆయనకి వినపడినట్టు లేదు. పుల్ల తీసి గీయబోతున్నాడు.

"మావా! పడీ ఆ పుల్ల! పడీ!"

చేతిమీద కొట్టాను. అగ్గిపుల్లలు నేలంతా చెల్లాచెదురయ్యాయి. నాబ్ కట్టేసి, కిటికీలు తీసి, ఆయన్ని చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చాను. అంత కంగారులోనూ నా నోరు ఆగితేనా! "ఇల్లంతా గేసు వాసన కొడతంటే పుల్ల గీత్తావేటి? ముక్కు ఎక్కడ పారీసుకున్నావు మావా, సముద్రంలోనా?"

ఆయన నవ్వలేదు. అరుగు మీద కూచుని, అరచేతుల్లోకి చూసుకుంటూ అన్నాడు. "ఒసే కోడలా. మాస్కుల కాలంలో జ్వరమొచ్చినాది సూడు. అందరికీ పోయి మళ్ళీ వచ్చింది గదా వాసన. నాకు రానేదు."

నేను పరాచికానికి అన్న మాట వెళ్ళి సరిగ్గా పుండు మీద పడింది. వెళ్ళి ఆయన పక్కన కూచున్నాను. ఉప్పు, తీపి, కారం నాలుకకి తెలుస్తాయిట. మిగిలిందంతా అట్టముక్క నమిలినట్టేనట. ఆ సంగతి ఒక్కరికీ చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళు వాసన పట్టి వండినవాడు, ఇప్పుడు అట్టు కాలింది లేనిదీ చప్పుడుతో పట్టుకుంటున్నాడు. ఏ ఓడలోనూ ఎవరూ నేర్పలేదు. ఒంటరిగా, భయంతో, తనకు తానే నేర్చుకున్నాడు.

ఆ అరుగు మీదే అసలు గండం బయటపెట్టాడు. ఓడలో ఒకే బల్ల మీద తిన్నవాళ్ళు, ఈయనతో కలిపి ఏడుగురు, ఏడాదికోసారి ఒకరింట్లో కలుస్తారు. ఆ ఇంటాయనే స్వయంగా వండిపెట్టాలి, అది వాళ్ళ కట్టుబాటు. మావ వంతు వచ్చి, వరసగా రెండేళ్ళు నడుంనొప్పని తప్పించుకున్నాడు. ఈసారి వాళ్ళే రోజు పెట్టేశారు, తినేదేమిటో కూడా పెట్టేశారు. ఒకప్పుడు మూడురోజుల తుఫాను దాటి బయటపడ్డ పొద్దున్న, ఓడ సామాన్ల గదిలో సాసేజ్‌లూ చిలగడదుంపలూ తప్ప ఏమీ మిగలకపోతే, రెండూ కలిపి పెనం మీద ఎర్రగా కాల్చి, పైన గుడ్లు కొట్టి పెట్టాడట. దాన్ని హాష్ అంటారట. బతికామన్న సంతోషంలో ఏడుస్తూ తిన్నారట అందరూ. అదే కావాలన్నారు.

"ఎర్రయ్య సెయ్యి పడిపోనాది అని ఒక్కడు అంటే సాలు కోడలా. మిగతా ఐదుగురూ జాలిగా సూస్తారు. దెబ్బలాడితే పడతాను గాని, ఆ సూపు పడనేను." నావైపు తిరిగి, "నువ్వు నాకు ముక్కు అవుతావేటి?" అన్నాడు. "ఎవులికీ సెప్పకుండా?"

కొండమ్మకి రహస్యం చెప్పడమంటే స్టేషన్‌లో మైకుకి చెప్పడమేనని మా వీధిలో సామెత. నా చెల్లెలి కడుపు సంగతి వాళ్ళాయన కంటే ముందు నా బండి దగ్గర పూరీ తినేవాళ్ళకి తెలిసింది. అటువంటి నేను, "ఒట్టు మావా," అని తల మీద చెయ్యి పెట్టుకున్నాను. ఎవరి తల మీద అని అడక్కండి. మా ఆయనదే.

మాకు ఎనిమిది రోజుల వ్యవధి. ఎనిమిది పండగలు! బజారులో దొరికే గడ్డకట్టిన కోడి సాసేజ్ పేకెట్ తెస్తే మావ దాన్ని వంచి చూసి, "పంపుకి తొడుగు, నీళ్ళొస్తాయి," అన్నాడు. సొంతంగా చేయాల్సిందేనన్నాడు. మాంసం కొట్టుకి వెళ్ళి కొవ్వు కలిసిన మేక కైమా, దాంతోపాటు మేక పేగులు అడిగాను. "బోటీ కూరకా అక్కా?" అన్నాడు కొట్టతను. "కాదు, కుట్టుపనికి," అన్నాను. పేగుల్ని లోపలివైపు బయటికి తిప్పి, ఉప్పూ పసుపూ వేసి కడిగాం. పది నీళ్ళయ్యాక నేను ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇంకా మేకే," అన్నాను. పదిహేనో నీళ్ళకి, "ఇప్పుడు ఏటీ నేదు మావా, గాలి," అన్నాను. అదే నా ఉద్యోగం. కైమాలో మిరియాలు, వెల్లుల్లి, దంచిన ధనియాలు, ఉప్పు, రెండు ఎండుమిరపకాయలు. కొత్త గరాటు కొని, దాని గొట్టానికి పేగు తొడిగి, బొటనవేలితో కూరడం మొదలుపెట్టాం. మొదటిది పాములా వచ్చింది, రెండోది పాము కప్పని మింగినట్టు వచ్చింది, మూడోది పేలి కైమా నా జుట్టులో పడింది. నాలుగోదానికి మావ కళ్ళు మెరిశాయి. జానెడు జానెడుకి మెలితిప్పి, బట్టలారేసే తాడు మీద నీడన గంటసేపు వేలాడదీశాం. నా లంగాల పక్కన సాసేజ్‌లు, చేతిలో కర్రతో కాకుల కాపలా మావ. అటు వెళ్తున్న పోస్ట్‌మేన్ సైకిల్ ఆపి చాలాసేపు చూశాడుగాని, ఏమని అడగాలో తెలియక వెళ్ళిపోయాడు.

సాసేజ్ కుదిరింది. నన్ను మట్టి కరిపించింది దుంప. చిలగడదుంప అంటే మావైపు ఉడకబెట్టుకోవడమే. ఎవరింట్లోనైనా దుంప వచ్చిందంటే మొదట కుండలో నీళ్ళు పడతాయి. మావ వచ్చేలోపల పని తగ్గిద్దామని నేను రెండు కిలోలూ ఉడకబెట్టి, తొక్కతీసి, ముక్కలు కోసి, అందంగా పళ్ళెంలో పేర్చి పెట్టాను. మావ ఒక ముక్క వేళ్ళ మధ్య నొక్కాడు. అది పేస్టులా బయటికొచ్చింది.

"ఇది ఎవులికే? పళ్ళు రాని గుంటలకా, పళ్ళూడిన ముసిలోళ్ళకా?"

"నీ సావాసగాళ్ళు ఏ రకమో నాకేటి తెలుసు మావా?"

"ఆల్లకి పళ్ళున్నాయి. రేపు ఆ పళ్ళు నా మీదే పెడతారు." పళ్ళెం నాకే తిరిగిచ్చాడు. "పచ్చిదుంప. సిన్నసిన్న ముక్కలు. కడిగి, గుడ్డ మీద ఆరెయ్యి, తడి అన్నది ఉండకూడదు. ఉడికించిన దుంప మూగది కోడలా. పెనం మీద ఏస్తే ఒక్క మాట సెప్పదు. మాట సెప్పనిదాన్ని నాను ఎలగ వండీది?"

మర్నాడు పచ్చిదుంప. పరిచాక నా చెయ్యి ఊరుకోలేదు. వేపుడంటే కలుపుతూ ఉండాలి, మధ్యలో నీళ్ళు చిలకరించి మూతపెట్టాలి. మా అమ్మ అంతే, వాళ్ళమ్మా అంతే. మావ నా చేతిలోని అట్లకాడ లాక్కుని, మూత తీసుకెళ్ళి పెరట్లో పెట్టొచ్చాడు. "సేతులు ఎనక్కి కట్టుకో. నోరు ముయ్యి. ఇను." విన్నాను. నాకు నా ఊపిరే వినపడింది. ఆయన చిన్నగా చెప్పాడు, పెనం మీంచి చూపు తిప్పకుండా. "తడి ఉన్నంతసేపూ దుంప ఏడుస్తాది, ఆ గోల అదే. తడి పోనాక కబుర్లాడతాది, సిటపట, సిటపట. నీలాగ. ఆ కబుర్లు కూడా అయిపోయి గుసగుసలోకి దిగినప్పుడు కింద ఎర్రటి సెక్కు కట్టినట్టు. ఆ గుసగుస ఎక్కువసేపుండదు. దాటితే మాడు." అంతలో గూడ్సు వచ్చింది. మావ చటుక్కున పెనం దించేసి, నేల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒకటీ, రెండూ, పదీ, నలభై పెట్టెలు. రైలుకి దారిచ్చే గేటు మనిషిలా ఆయన, వంటింట్లో. ఆఖరి పెట్టె వెళ్ళాక మళ్ళీ పెనం ఎక్కించాడు. నాకు నవ్వొచ్చింది.

ఆరో రోజుకి నాకు వినపడింది. నిజంగా! సిటపటలు ఒక్కొక్కటే తగ్గి, ఎవరో పక్కగదిలో రహస్యం చెప్పుకుంటున్నట్టు సన్నటి చప్పుడు. నేనూ మావా ఒకేసారి "ఇప్పుడు!" అన్నాం. అట్లకాడ కిందికి పోనిచ్చి తిరగేస్తే, రాగిచెంబు తోమినట్టు ఎర్రగా, మెరుస్తూ. నేను ఎగిరాను. అక్షరాలా ఎగిరాను, తలకి అలమర తగిలింది.

ఆ రోజు రానే వచ్చింది. దాంతోపాటు నాకు రొంప కూడా వచ్చింది. తెల్లారి లేచేసరికి రెండు ముక్కు రంధ్రాలూ సిమెంటు పోసినట్టు మూసుకుపోయాయి. ఆవిరి పట్టాను, మిరియాల పాలు తాగాను, మా ఆయన తెచ్చిన పచ్చకర్పూరం పీల్చాను. ఏమీ లేదు. కర్పూరమో సుద్దముక్కో తేడా తెలియలేదు. అద్దం ముందు "ఏం పరవాలేదు" అని నవ్వుమొహం పెట్టుకుని మావ ఇంటికెళ్ళి, "మొదలెడదామా మావా?" అన్నాను.

ఆయన ఉల్లిపాయ తరగడం ఆపాడు. "నీ ముక్కు మూసుకుపోనాది."

"నేదు మావా."

"నాకు సెవులున్నాయని మర్చిపోనావేటి?"

ఒక్క క్షణం ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఒక వంటింట్లో ఇద్దరు మనుషులు, నాలుగు ముక్కు రంధ్రాలు, పనిచేసేది ఒక్కటీ లేదు. మావకే ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు నాకంటుకుంది. నవ్వీ నవ్వీ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "పోనీలే కోడలా. మరి సెవులే గతి. నువ్వు సూసుకోవాల్సింది ఒక్కటే. నాకు పెనం ఇనపడాల."

ఆరుగురూ వచ్చారు. వాళ్ళలో పెద్దవాడు సరంగు అప్పన్న. ఓడ డెక్కు మీద పనివాళ్ళకి పెద్దని సరంగు అంటారు. ముప్ఫై ఏళ్ళు గాలివానకి పైన వినపడేలా అరిచిన గొంతు అది, ఇప్పటికీ తగ్గించడం రాదు. "ఒరే ఎర్రయ్యా! నడుం బాగుందా, వంట తప్పించుకోడానికి ఇంకో రోగం పెంచుతన్నావా?" అని గుమ్మంలోంచే కేక. మిగతా ఐదుగురూ ఆయనకి తగ్గవాళ్ళు కాదు. ఒకరి అప్పటి జ్వరం, ఒకరి మోకాలు, ఎవరో కెప్టెన్ టోపీ నీళ్ళలో పడడం, అన్నీ ఒకేసారి, అందరూ ఒకేసారి. వరండా కప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. లోపల సాసేజ్ ముక్కలు వేగాయి, కొవ్వు వదిలింది, మావ వాటిని తీసి పక్కన పెట్టాడు. దుంప పరిచాడు. గోల మొదలైంది. నేను పక్కనే ఉన్నా నాకు వరండా తప్ప ఏమీ వినపడడం లేదు. మావ పెనం మీదికి వంగి, ఒక చెవి దానివైపు తిప్పి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నుదుటి మీద చెమట. "ఇనపడ్నేదే," అన్నాడు, పెదవులతో మాత్రమే.

ఆ ఆరుగురిని నోరు ముయ్యమని చెప్తే ఎందుకంటారు. ఎందుకో చెప్తే మావ పరువు అక్కడే పెనం మీద మాడిపోతుంది. ఏం చేయాలి? నాకొచ్చిన విద్య ఒక్కటే. వరండాలోకి వెళ్ళి, వాళ్ళ మధ్య నేల మీద చతికిలబడి, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సన్నగా అన్నాను. "మీకో రహస్యం సెప్తాను బాబూ. ఎవులితోనూ అనకండి."

అప్పన్న నావైపు చూశాడు, వంటింటివైపు చూశాడు. పక్కనున్నవాడి తొడ గిల్లాడు. ఒక్కొక్కరే ముందుకి వంగారు. రహస్యానికి ఉన్న బలం పోలీసు లాఠీకి ఉండదు. నేను గొంతు ఇంకా తగ్గించాను.

"నా పెళ్ళికి పెళ్ళికొడుకువారు పెందుర్తిలో కిరండూల్ పాసింజరెక్కినారు. కొత్తవలసలో దిగాల. అందరూ పేకాటలో ఉన్నారు. మా ఆయన బాసికం నలిగిపోతాదని కిటికీకి తగిలించి నిద్దరోయినాడు. కొత్తవలస వచ్చినాది, ఎళ్ళిపోనాది. మెలకువొచ్చేసరికి సీకటి. సొరంగం! కళ్ళు పోయాయనుకుని పెళ్ళికొడుకు ఏడుపు..." ఇంకా తగ్గించాను. ఆరు తలలు నా చుట్టూ గొడుగులా వాలాయి. "బాజావాళ్ళు భయం పోడానికి సొరంగంలోనే వాయించడం మొదలెట్టినారు. బయటికొస్తే వెలుగు, మళ్ళీ సొరంగం, మళ్ళీ వెలుగు. ఇటు నాను పసుపు బట్టల్లో, స్టేషన్‌లో..."

ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, వంటింట్లోంచి, నాకు కూడా వినపడింది. సిటపటలు ఒక్కొక్కటిగా రాలిపోతున్నాయి. నేను మాట్లాడుతూనే ఉన్నాను గాని, నా ప్రాణమంతా వెనకవైపు చెవుల్లో ఉంది. "...రేతిరి దాటి, పొద్దుటి బండికి దిగినారు. మా నాన్న ఎదురెళ్ళి, మెల్లిగా అడిగినాడు. 'ఏటి బాబూ, దార్లో ఇంకెవులైనా మంచి సంబంధం తగల్నేదా?'"

ఎవరూ నవ్వలేదు. ఇంకా నవ్వలేదు. ఆ చిన్న ఖాళీలో గుసగుస వినిపించింది. ఆ వెంటనే పెనానికి అట్లకాడ గీసుకున్న చప్పుడు, బలంగా, ధైర్యంగా, ఒక్క వేటుకి. అప్పుడు పేలింది వరండా. ఆరుగురూ పొట్టలు పట్టుకున్నారు. నేను వంటింట్లోకి పరిగెత్తాను. రాగిచెంబు! అంచు నుంచి అంచుదాకా రాగిచెంబు. మావ నావైపు చూసి, గరిటతో నా నెత్తిమీద చిన్నగా తట్టాడు. ఉల్లిపాయలు వేసి, సాసేజ్ కలిపి, పైన పన్నెండు గుడ్లు కొట్టి, పెనం పెనంగానే తీసుకెళ్ళి వాళ్ళ మధ్య పెట్టాడు. తిన్నారు. చెక్కు కట్టిన ముక్కల కోసం ఒకరి చెయ్యి ఒకరు తోసుకున్నారు. గొంతులో ఇంజను ఉన్న సరంగు అప్పన్న సగం తిన్నాక ఆగి, "తుఫాను దిగినాది రా," అన్నాడు. అంతే. పెనం ఖాళీ అయ్యేదాకా మళ్ళీ ఎవరూ తలెత్తలేదు.

సాయంత్రం బండికి వాళ్ళని సాగనంపుతూ ప్లాట్‌ఫారం దాకా నేనే వెళ్ళాను. మావ ఇంట్లో పెనం తోముతున్నాడు, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా. నా కథ ఎంత బాగా పండిందోనని నేను గాల్లో తేలుతున్నాను. అప్పన్న నన్ను పక్కకి పిలిచాడు.

"అమ్మా, నీ పెళ్ళి కథ బాగున్నాది. కాకపోతే మేం నోరు మూసుకున్నది దానికోసం కాదు."

"మరి?"

"ఎర్రయ్యకి పెనం ఇనపడాలని."

అప్పన్న ఇంజను గొంతు మొదటిసారి తగ్గింది. "కిందటేడు అందరూ మా ఇంట్లోనే కలిసినారు గదా, ఈడూ వచ్చినాడు. ఎండురొయ్యలు మూట ఇచ్చినాను. తీరా సూస్తే తడిసి పాడయిపోనాయి, మా ఇంటిది దూరం నుంచే ముక్కు మూసుకున్నాది. ఈడు మూటలో మొహం పెట్టి, 'ఎంత బాగున్నాయిరా!' అన్నాడు. అప్పుడే తెలిసిపోనాది మా అందరికీ. అట్టు కాలుతంటే సెవి తిప్పడం కూడా సూసినాను. నువ్వు కొంగు అడ్డమెట్టుకుని వచ్చినావు సూడు, పెనం ఎక్కిందని నానే ఆల్ల తొడలు గిల్లినాను. మాకు తెలుసని ఆడికి సెప్పకమ్మా. మేం జాలిగా సూస్తామని ఆడి భయం."

బండి వచ్చింది, వాళ్ళు ఎక్కారు, మళ్ళీ ఆరుగురూ ఒకేసారి అరుస్తూ. నేను తిరిగొచ్చేసరికి మావ అరుగు మీద పెనం ఎండబెట్టి, పక్కన రాజులా కూచున్నాడు. "సూసినావా కోడలా! ఒక్కడికి, ఒక్కడికి కూడా అనుమానం రానేదు!"

నా జీవితం మొత్తానికి దొరికిన అతి గొప్ప జోకు అది. నాలుక చివర నిలబడి ఎగురుతోంది. అరుగు, మావ, పెనం, ఎర్రటి ఎండ, అన్నీ దానికోసం ఎదురుచూస్తున్నట్టున్నాయి. నేను నోరు తెరిచాను, మళ్ళీ మూశాను. "రానేదు మావా," అన్నాను. "నీ అంత దొంగ ఓడల్లో ఇంకొకడు పుట్టనేదు." ఆయన తొడ చరుచుకుని నవ్వాడు. ఆ నవ్వు చూశాక, చెప్పిన జోకులకంటే మింగిన జోకు ఇంత రుచిగా ఉంటుందా అని ఆశ్చర్యపోయాను.

తర్వాత రెండేళ్ళు కట్టుబాటు పక్కన పెట్టి, ఎవరి వంతు వచ్చినా వాళ్ళు మావనే వండమన్నారు. నేను వెంట వెళ్ళాను. ప్రతిసారీ సరిగ్గా ఆ వేళకి ఆరుగురిలో ఎవరో ఒకరికి నా దగ్గర రహస్యం వినాలని బుద్ధి పుట్టేది. వాళ్ళకి తెలుసని మావకి చెప్పలేదు, మావ నన్ను ముక్కు చేసుకున్నాడని వాళ్ళకీ చెప్పలేదు. కొత్తవలస మైకు రెండువైపులా మూగబోయింది. మూడో ఏడు, ఒక మధ్యాహ్నం, గూడ్సు వెళ్తుండగా మావ కునుకు తీశాడు. ఆఖరి పెట్టె వెళ్ళిపోయాక లేవలేదు. ఉయ్యాల ఊగుతుండగానే నిద్రపోయాడు, అంతకంటే మంచి నిద్ర నేనెరగను. పెనం నాకివ్వమని అప్పన్నకి ముందే చెప్పుంచాడట.

ఇన్నాళ్ళకి మీకు చెప్పేశాను. మావ వినడు కదా అన్న ధైర్యం. బతికుండగానే ఆ చెవులకి ఇది వినపడకుండా ఉంటుందా? బహుశా వినపడే ఉంటుంది కూడా. అప్పుడప్పుడు నాకు అదీ అనుమానమే. ఆయన కూడా ఒక జోకు మింగి కూచున్నాడేమో ఎవరికి తెలుసు! ఆయన నుంచి నాకు వచ్చింది ఆ పెనమూ, దానికి తగినంత మౌనమూ. ఇప్పుడు బండి దగ్గర కూడా మధ్యమధ్య ఆగుతాను. ఆగితే ఎదుటివాళ్ళు చెప్తారు. ఎవరింట్లో ఏడుపో, ఎవరింట్లో చిటపటో, ఎవరు గుసగుసకి దిగారో తెలుస్తుంది. చెయ్యి వేయాల్సిన క్షణం దాటిపోకముందే తెలుస్తుంది.

ఈ ఆదివారం పెనం దగ్గర నేను అలాగే నిలబడి ఉన్నాను. గోల అయింది. చిటపటలు తగ్గుతున్నాయి. మా ఆయన ఎప్పుడు మాటలాపాడో తెలియదు. గుమ్మానికి ఆనుకుని, తల ఒక పక్కకి వంచి నిలబడ్డాడు, కొత్తవలస వచ్చి వెళ్ళిపోయినా వినపడని మనిషి. చప్పుడు సన్నబడింది. ఇంకా సన్నబడింది. నేను అట్లకాడ అందుకోబోయేలోపల, ఆయన నెమ్మదిగా, భయపడుతూ అన్నాడు. "ఇప్పుడు కదేటే?"

తిరగేశాను. రాగిచెంబు.